కొట్టేసిన ఆకాశమల్లె లాన్‌లో మళ్లీ మళ్లీ మొలిస్తే: పిలకల లెక్క, 2023–2025

బ్యాంకులో ముప్పై ఏళ్లు క్యాష్ పుస్తకం రాసిన చేయి కాబట్టి దీనికీ ఒక నోటుబుక్కు పెట్టాను. ఇందులో ఎక్కువ భాగం నేను చేసిన తప్పులే. మీ ఇంట్లో చెట్టు ఇంకా నిలబడే ఉండి, రేపో మాపో కొట్టించబోతుంటే మాత్రం ముందు మూడో దశ కింద 'అసలు తప్పు' అన్న ముక్క చదవండి. చెట్టు పడిపోయాక చదివితే నాలాగే ఖర్చవుతుంది.

స్థలం: సికింద్రాబాద్, సైనిక్‌పురి. లాన్ 40 × 28 అడుగులు, మెక్సికన్ గ్రాస్. పైన ఎర్ర చెలక మట్టి, అడుగున్నర దాటితే మొరం.

చెట్టు: ఆకాశమల్లె. కాడమల్లె అని కూడా అంటారు. ఎత్తు 45 అడుగుల దాకా, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 5 అడుగుల 2 అంగుళాలు. లాన్‌కి తూర్పు మూల, పక్కింటి గోడకి 7 అడుగులు, మా గోడకి 14 అడుగులు.

ఈ చెట్టు కలప పెళుసు. 2023 మే నెల గాలివానకి ఒక కొమ్మ విరిగి కారు అద్దం మీద పడింది. ఇంకో కొమ్మ కరెంటు తీగల వైపు వాలి ఉంది. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) ప్రకారం అటవీ శాఖ అనుమతి తీసుకుని జూన్ 11న కొట్టించాను. నేల నుంచి నాలుగంగుళాల ఎత్తులో మోడు మిగిలింది.

ఖర్చు: 14,000. పిలకలు: 0.

మొదటి దశ: మిషన్‌తో కోసేద్దాం (జూలై–ఆగస్టు 2023)

జూన్ 29: మోడు అంచున, బెరడుకీ చెక్కకీ మధ్య నుంచి చిగుళ్లు. పదకొండు లెక్కపెట్టాను. చేత్తో తుంచేశాను.

జూలై 16: మోడుకి 9 అడుగుల దూరంలో, గడ్డి మధ్యలో ఒక మొక్క. విత్తనం పడి మొలిచిందనుకున్నాను. పీకితే కింద తల్లివేరు లేదు. అడ్డంగా పోతున్న వేలెడు లావు వేరు మీంచి బెరడు ముక్కతో సహా ఊడొచ్చింది. విత్తనం మొక్కకి కిందకి దిగే సన్నటి వేరు ఉంటుంది, పిలకకి ఉండదు. ఒక్క మొక్క పీకి చూస్తే తేలిపోయే సంగతి. పైగా పిలకలు వరసలో వస్తాయి. దారం పట్టుకుని చూస్తే ఆ వరస మోడు వైపు చూపిస్తుంది.

ఆగస్టు 6: లాన్‌లో 14. వారం వారం గడ్డితో పాటు మిషన్‌తో కోసేస్తే ఆకు లేక చచ్చిపోతాయని మా మాలి అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

ఆగస్టు 27: 41.

మూడు కోతల్లో మూడింతలు. కోసిన ప్రతి పిలకా కోసిన చోటికి కింద నుంచి రెండు మూడు కొమ్మలు వేసింది. వారానికోసారి అంగుళమో రెండంగుళాలో కోస్తే దానికి ఆకలి తెలియదు. మిగిలిన కాస్త ఆకుతోనూ వేళ్లలో దాచుకున్న పిండిపదార్థంతోనూ బతికేస్తుంది. కోతతోనే చంపాలంటే మొలక కనబడ్డ రోజే, ఆకు విప్పుకోకముందే, వేరు దాకా గీకి తీయాలి. అదీ రెండు మూడేళ్లు ఆపకుండా. ఊళ్లకి వెళ్లొచ్చే మనుషుల వల్ల కాదు.

మిషన్ బ్లేడు సాన: 300. మొత్తం 14,300.

రెండో దశ: ఉప్పు, ఇంగువ (సెప్టెంబరు–అక్టోబరు 2023)

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

సెప్టెంబరు 10న మోడులో ఎనిమిది రంధ్రాలు వేసి, చుట్టూ కూడా పోసి, ఆరు కిలోల రాళ్ల ఉప్పు వాడాను. పైన నీళ్లు. పది రోజులకి మోడు చుట్టూ గడ్డి ఎర్రబడింది. నెలయ్యేసరికి 38 చదరపు అడుగుల గడ్డి పోయింది. టేపు పెట్టి కొలిచాను. ఆ వృత్తంలో ఉన్న మూడు పిలకలు చచ్చాయి. వృత్తం బయట మరో ఎనిమిది లేచాయి. ఉప్పు నీళ్లు ఎక్కడికి పోతే అక్కడ గడ్డిని చంపుతాయి. వేరు ముప్పై అడుగుల దూరంలో హాయిగా ఉంటుంది.

గడ్డి పోవడం ఒక్కటే కాదు, మట్టి కూడా పాడైంది. పై పొర అప్పడంలా గట్టిపడి నీళ్లు ఇంకలేదు. నాలుగంగుళాల మట్టి తీయించి, కొత్త మట్టి పోయించి, జిప్సం చల్లి, నాలుగుసార్లు నిండా తడిపి, కొత్త గడ్డి పలకలు వేయించాను.

ఇంగువ సంగతి. "ఇంగువ పెడితే ఎంత చెట్టైనా ఎండిపోతది బిడ్డా" అని మా పెద్దమ్మ చిన్నప్పటి నుంచి అంటూనే ఉంది. ఊళ్లో అందరూ అనే మాటే. వంద గ్రాముల డబ్బా కొని రంధ్రాల్లో కూరాను. మనం వంటకి కొనే ఇంగువలో ఎక్కువ భాగం పిండీ బంకే. మూడో రోజుకి చీమలు వరస కట్టాయి. చెట్టు చిగుళ్లు మాత్రం ఆగలేదు. పెద్దమ్మకి చెబితే "అది అసలు ఇంగువ కాదు మరి" అంది. అందులో నిజం ఉందేమో గానీ, మళ్లీ ప్రయత్నించలేదు.

కిరోసిన్, యాసిడ్, మైలుతుత్తం అని ఇంకా ముగ్గురు చెప్పారు. అప్పటికి ఉప్పు నేర్పిన పాఠం ఉంది కాబట్టి ఆగిపోయాను.

ఉప్పు, ఇంగువ: 280. మట్టి, జిప్సం, గడ్డి: 2,100. మొత్తం 16,680. పిలకలు: 46.

మూడో దశ: తవ్వకం (నవంబరు 2023–మార్చి 2024)

ఇద్దరు కూలీలు, మూడు రోజులు. గడ్డపారలు, పార, చేతిరంపం. లాన్‌ని అయిదడుగుల గళ్లుగా తాడుతో విడగొట్టి, పిలక ఉన్న ప్రతిచోటా ఐస్‌క్రీం పుల్ల గుచ్చి, గడి గడికీ లెక్క రాసుకున్నాను. మొత్తం పనిలో మొదటి మంచి నిర్ణయం ఇదే. అప్పటిదాకా 'చాలా ఉన్నాయి' అనుకోవడమే తప్ప ఎక్కడ ఎన్ని ఉన్నాయో తెలియదు.

కనబడినవి:

1. వేళ్లన్నీ 3 నుంచి 7 అంగుళాల లోతులోనే ఉన్నాయి. మొరంలోకి దిగినవి రెండే.
2. లావు అంగుళం నుంచి రెండున్నర అంగుళాలు.
3. అన్నిటికన్నా దూరంగా వచ్చిన పిలక మోడుకి 31 అడుగులు.
4. గోడ పునాది కింద నుంచి పక్కింటి వైపు అయిదు వేళ్లు పోయాయి.

దొరికిన వేరునల్లా ముక్కలు చేసి లాగాం. దాదాపు 60 అడుగుల వేరు బయటపడింది. లాన్ దున్నిన పొలంలా తయారైంది. జనవరిలో ఒక్క పిలకా లేదు. మా ఆవిడతో గెలిచామనే చెప్పాను.

మార్చి 17: 67.

తెగిన ప్రతి కొసా మొలిచింది. రంపం పెట్టిన చోట గుత్తిగా నాలుగైదు. అడుగు పొడవు ముక్క మట్టిలో మిగిలిపోయినా అది సొంతంగా మొలిచింది. ఆకాశమల్లెని నర్సరీల వాళ్లు ఈ పిలకలతో కూడా పెంచుతారని తర్వాత తెలిసింది. నేను అయిదు వేల నాలుగు వందలిచ్చి నర్సరీ వేయించానన్నమాట.

*అసలు తప్పు:* చెట్టు నిలబడి ఉన్నంతకాలం పైన చిగుళ్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందకి దిగుతూ వేళ్ల మీది మొగ్గల్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. పైభాగం ఒక్కసారిగా పోతే ఆ కాపలా పోతుంది. వేళ్లలో ఏళ్ల తరబడి దాచిన పిండి అలాగే ఉంటుంది. అంటే నరికిన రోజున మనం చంపేది మానుని. వేళ్లని మాత్రం నిద్ర లేపుతాం. కాబట్టి పిలకలు వేసే చెట్టుని కొట్టే ముందే చంపాలి. వానలు వెళ్లాక, ఆకు నిండుగా ఉన్నప్పుడు, మాను చుట్టూ గాట్లు పెట్టి ఆ గాట్లలో మందు వేయించి, ఆకంతా ఎండి, వేళ్లు కూడా చచ్చేదాకా కొన్ని నెలలు ఆగి, అప్పుడు కొట్టించాలి. ఎండిన కొమ్మలు విరిగి పడతాయి కనుక ఆ నెలల్లో కింద కారు పెట్టకూడదు, మనుషులు తిరగకూడదు. అది కుదరకపోతే కనీసం రంపం తీసిన అయిదు నిమిషాల్లోపే మోడుకి మందు రాయించాలి. నేను రెండూ చేయలేదు. పైగా తొలకరిలో కొట్టించాను.

కూలీ: 5,400. మొత్తం 22,080.

నాలుగో దశ: మందు, తప్పు పద్ధతిలో (మార్చి–ఏప్రిల్ 2024)

మందుల షాపుకి వెళ్లి 'గడ్డి మందు' అంటే "పత్తికా సార్?" అని ఒక డబ్బా చేతిలో పెట్టాడు. పేరు చదివితే పారాక్వాట్. ఇక్కడ గట్టిగా చెప్పాలి. గడ్డి మందు అన్న పేరుతో దొరికేవన్నీ ఒకటి కాదు. పారాక్వాట్ తగిలిన ఆకుని మాడ్చేస్తుంది, వేరులోకి పోదు. మన పనికి దండగ. మనిషి కడుపులోకి కొద్దిగా పోయినా విరుగుడు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ డబ్బా ఉండకూడదు. తిరిగి ఇచ్చేశాను.

వేరు దాకా దిగేది గ్లైఫోసేట్. దాన్ని మనం సొంతంగా వాడటానికి లేదు. 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతే వేయించాలి. లైసెన్సు ఉన్న ఒకతన్ని పిలిచాను.

మార్చి 24న వచ్చి, తొమ్మిది నెలల కిందటి ఎండు మోడు మీద చిక్కటి మందు పోసి, పిలకల మీద పలచగా స్ప్రే కొట్టి వెళ్లాడు. ఏప్రిల్ ఆఖరుకి పిలకలు 71. స్ప్రే తుంపరలు పడిన 20 చదరపు అడుగుల గడ్డి పసుపు తిరిగి పోయింది. ఈ మందుకి గడ్డీ చెట్టూ తేడా తెలియదు.

ఎందుకు పని చేయలేదో అతనే నిజాయితీగా చెప్పాడు. నేను తర్వాత చదివిందీ అదే.

1. మందు లోపలికి తీసుకునేది బెరడు కింది పచ్చి పొర, దాని పక్కనున్న తెల్ల చెక్క. కోత పాతబడితే ఆ పొర ఎండి మూసుకుపోతుంది. నడిమి చెక్క మీద ఎంత పోసినా అది తాగదు.
2. చిగురు వేసే కాలంలో చెట్టులో పిండి కింది నుంచి పైకి పోతుంది. మందు ఆ ప్రవాహానికి ఎదురీది వేరుకి చేరదు.
3. కలిపింది మా బోరు నీళ్లు. కెటిల్‌లో తెల్ల పొర కట్టే నీళ్లు. అందులోని కాల్షియం మందుని పట్టేసుకుంటుంది. పలచగా కలిపినప్పుడు ఆ దెబ్బ ఎక్కువ.
4. ఆకుల మీద మార్చి నెల దుమ్ము. మట్టి తగిలినా ఈ మందు చచ్చుబడిపోతుంది.

ఆపరేటరు: 1,500. మొత్తం 23,580. పోయిన గడ్డి ఇప్పటికి 58 చదరపు అడుగులు.

అయిదో దశ: ఏమీ చేయకపోవడం (మే–సెప్టెంబరు 2024)

అన్నిటికన్నా కష్టమైన దశ ఇది. పిలకల్ని పెరగనివ్వాలి. మందు వేరుకి చేరాలంటే దాన్ని మోసుకుపోయేంత ఆకు పైన ఉండాలి. పుల్లలు గుచ్చిన చోట్ల మిషన్ తిప్పొద్దని మాలికి చెప్పాను. వచ్చినవాళ్లందరూ "లాన్ వదిలేశారా?" అని అడిగారు. ఒక బంధువైతే మాకు డబ్బు ఇబ్బందేమో అని మా అబ్బాయికి ఫోన్ చేశాడు.

సెప్టెంబరు 1: పిలకలు 74, సగటు ఎత్తు రెండున్నర అడుగులు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. గోడ అవతల మూడడుగుల దూరంలో పక్కింటి టీచరమ్మగారు ఒక ఆకాశమల్లె పెంచుకుంటున్నారు. అప్పటికి ఆరడుగులు. మా చెట్టు పూలు రోజూ పొద్దున వాళ్ల వాకిట్లో రాలేవి. ఆవిడకి అవంటే ప్రాణం.

"దానంతటదే మొలిచింది అన్నయ్యగారూ, దేవుడు పంపినట్టు" అన్నారు.

"దేవుడు కాదమ్మా, మా చెట్టు వేరే పంపింది" అన్నాను.

ఒకే వేరు మీద ఉంటే మా పిలకకి రాసిన మందు ఆ చెట్టుకీ పోతుంది. కాబట్టి ముందు విడగొట్టాలి. సెప్టెంబరు 8న ఇద్దరు కూలీలతో గోడ పొడవునా 16 అడుగుల కందకం, రెండడుగుల లోతు. ముందు చూసిన అయిదు వేళ్లూ దొరికాయి. అయిదింటినీ తెగ్గొట్టి, మధ్యలో గ్యాల్వనైజ్డ్ రేకు నిలబెట్టి పూడ్చాం. తర్వాత ఆరు వారాలు ఆగాను, ఆ మొక్క సొంత వేళ్ల మీద నిలదొక్కుకుంటుందో లేదో చూడటానికి. రెండు వారాలు వాడింది. ఆవిడ రోజూ నీళ్లు పోశారు. నిలబడింది.

కూలీ, రేకు: 4,200. మొత్తం 27,780.

ఆరో దశ: తుడుపు (అక్టోబరు 20, 2024)

వానలు వెళ్లాయి. ఆకు ముదురు పచ్చగా ఉంది. చలికాలం చివర ఈ చెట్టు ఆకు రాలుస్తుంది. అంతకు ముందు ఆకుల్లో తయారైంది వేళ్లకి పంపుకునే రోజులివి. అదే ఆపరేటరు వచ్చాడు. ఈసారి స్ప్రే వద్దని ముందే మాట్లాడుకున్నాం.

చేసిన తీరు:

1. ముందు రోజు సాయంత్రం పిలకల ఆకుల మీద నీళ్లు కొట్టి దుమ్ము కడిగాం. పొద్దున పదికి, తడి ఆరాక మొదలు.
2. 41 శాతం గ్లైఫోసేట్ ఒక పాలు, ఆర్‌ఓ నీళ్లు రెండు పాళ్లు. రాసింది ఏదో రాయనిది ఏదో తెలియడానికి రెండు చుక్కల బట్టల నీలం. ఇది అతని చిట్కా, చాలా పనికొచ్చింది.
3. చేతికి రబ్బరు గ్లౌజు, దాని మీద నూలు గ్లౌజు. నూలు గ్లౌజుకి మందు తడిమి, కారకుండా పిండి, పిలకని కింద నుంచి పైకి ఆకులతో సహా నిమరడం. కాళ్లకి బూట్లు, కళ్లకి అద్దాలు.
4. ఒక్క చుక్క కింద గడ్డి మీద పడకూడదు. పొట్టి పిలకలకి కింద అట్టముక్క పెట్టాం.
5. మోడుని అంగుళం కిందకి మళ్లీ కోసి, పొట్టు ఊది, బెరడు లోపలి అంచు వెంట రెండంగుళాల వెడల్పున కలపని మందు బ్రష్‌తో. రంపం ఆగిన రెండు నిమిషాల్లో.
6. ఆరు గంటలైనా వాన పడకూడదు. మర్నాటి దాకా లాన్‌లోకి ఎవరూ రాలేదు. వీధి కుక్కలు కూడా రాకుండా గేటు తాళం.
7. ఆకులు పూర్తిగా ఎండేదాకా పీకడం, కోయడం లేదు. ఇది రాసి పెట్టుకోండి. నాలుగో రోజే వాడిపోయాయని మాలి పీకబోయాడు. పీకితే మందు దారిలోనే ఆగిపోతుంది.

మొత్తం పనికి మూడు గంటలు. వాడిన మందు 150 మిల్లీలీటర్లు కూడా కాదు.

నవంబరు 1: ఆకులు పసుపు. నవంబరు 24: 74లో 68 గోధుమ రంగు, విరిస్తే లోపల కూడా ఎండు. ఆరు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఆరూ నేను రంపంతో ముక్కలు చేసిన గడుల్లోనివే. వేరు విడి ముక్కలైనందువల్ల పక్క పిలకకి రాసిన మందు వీటికి చేరలేదు, వీటి సొంత ఆకు చాలలేదు. తవ్వకం రెండోసారి దెబ్బ కొట్టింది. వాటికి డిసెంబరు 1న మళ్లీ తుడుపు, అదే కూలిలో.

గడ్డి నష్టం: అరచేతి వెడల్పు మచ్చలు నాలుగు. పక్క గడ్డి అల్లుకుని ఫిబ్రవరికల్లా మూసుకుపోయాయి.

ఆపరేటరు: 2,500. మొత్తం 30,280.

ఏడో దశ: 2025

జనవరి నుంచి జూన్ దాకా సున్నా. ఈసారి ఎవరికీ గెలిచామని చెప్పలేదు.

జూలై 13: వానలతో పాటు 9. పెరగనిచ్చాను. అక్టోబరు 12న తుడుపు, 1,200. నవంబరు మధ్యకి తొమ్మిదీ ఎండాయి.

మోడు: ఫిబ్రవరిలో రంధ్రాలు వేసి గుప్పెడు యూరియా పోసి, మట్టి కప్పి తడిగా ఉంచాను. త్వరగా కుళ్లాలని. ఆగస్టులో పుట్టగొడుగులు వచ్చాయి. తినేవి కావు, పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. సెప్టెంబరులో గునపం దిగబడేంత మెత్తబడింది. లోపల చెదలు కనబడ్డాయి గానీ ఇంటి గోడ వెంట మట్టి గొట్టాలు రాలేదు. నెలకోసారి టార్చి వేసి చూస్తున్నాను. చచ్చిన వేళ్లు కుళ్లిన చోట నేల గీతలు గీతలుగా రెండంగుళాలు కుంగింది. పైనుంచి దాదాపు నా వేళ్ల మ్యాపు లాగే కనిపించింది. జల్లించిన మట్టి, ఇసుక కలిపి అరంగుళం చొప్పున నాలుగు విడతలుగా పోయించాను. ఒకేసారి పోస్తే గడ్డి కప్పబడిపోతుంది. ఖర్చు 600.

మొత్తం 32,080. మొదటే చెట్టు నిలబడి ఉండగా మందు వేయించి కొట్టిస్తే 14,000 మీద ఇంకో 1,500 అయ్యేది.

నవంబరు 30: పిలకలు 2.

రెండూ గోడ పక్కన, రేకుకి మూడంగుళాలు ఇవతల. తవ్వి చూశాను. మా వేరు కాదు. రేకు పైఅంచుని నేలకి అంగుళం కిందే వదిలేశాం. దాని మీదుగా పెన్సిలంత వేరొకటి అవతలి నుంచి దాటి వచ్చింది. టీచరమ్మగారి చెట్టు ఇప్పుడు పన్నెండడుగులు. దీనికి మందు రాయడానికి లేదు, రాస్తే అది చస్తుంది. ఆ వేరుని గోడ దగ్గరే కోసి, ఇవతలి ముక్క చిన్నది కాబట్టి మొత్తం లాగేసి, రేకుని నేల పైకి రెండంగుళాలు కనబడేలా లేపాలి. ఆవిడకి చెప్పాను. "కోసిన ముక్క పారేయకండి, మా చెల్లెలికి కుండీలో పెట్టిస్తాను" అన్నారు. ఆదివారం కూలీ వస్తానన్నాడు.